మోకాళ్ల కంటే ముందు ఆ మాత్రల కవరు చూపించండి

ప్రశ్న: నాకు 48 ఏళ్లండి. అమలాపురం దగ్గర మా ఊరు, రొయ్యల చెరువులు చేస్తాం. అక్టోబరులో నలుగురు స్నేహితులం ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాం. మెట్లు దిగేటప్పుడు నాకు మోకాళ్ల నొప్పి. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు, ఒకటి తెల్లది ఒకటి పసుపుది, వేసుకుంటే బాగానే ఉంటోంది. బీపీకి టెల్మిసార్టాన్-హెచ్ వాడుతున్నాను. నిరుడు కేదార్‌నాథ్‌లో రాత్రంతా తలనొప్పి, రెండు వాంతులు అయ్యాయి, గ్యాస్ అనుకున్నాం. రొయ్యల పట్టుబడి టైముకి వచ్చేయాలి కాబట్టి, నడక మొదలయ్యే లుక్లా నుంచి ఆరో రోజుకి పైకి చేరేలా ప్లాన్ వేశాం. ఎత్తులో వచ్చే జబ్బుకని డయామాక్స్, డెక్సా (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) మాత్రలు కూడా కొన్నాం. మోకాలికి తొడిగే నీ క్యాప్ ఎలాంటిది వాడాలి? మోకాలిలో జెల్ ఇంజెక్షన్ చేయించుకుంటే మంచిదా?

జవాబు: నీ క్యాప్ సంగతి చివర్లో చెబుతాను. మీరు మాటవరసకి రాసేసిన ఆ తెల్ల మాత్ర, పసుపు మాత్ర ఏమిటో ముందు తేలాలి. ఎన్నాళ్లుగా వాడుతున్నారో కూడా రాయలేదు. కాగితం కవర్లో విడిగా పోసిచ్చే మాత్రల్లో ఒకటి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర అయి ఉండొచ్చు, రెండోది స్టెరాయిడ్ అయినా నేను ఆశ్చర్యపోను. ఓపీలో ఇవి చూస్తూనే ఉంటాం, వేసుకున్న రోజు హాయిగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మీవీ అవేనని అనడం లేదు, చూడకుండా చెప్పలేను. కానీ మీ బీపీ మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా ఉంది. ఈ రెండూ వాడే మనిషి రోజూ నొప్పి మాత్ర కూడా మింగితే కిడ్నీలకు రక్తం అందడం తగ్గుతుంది. ఇంటిపట్టున ఉన్నంతకాలం బయటపడకపోవచ్చు, కొండ మీద చలికి నీళ్లు తాగబుద్ధి కాక, పైగా వాంతులో విరేచనాలో పట్టుకున్నాయంటే అప్పుడు కిడ్నీలు దెబ్బతింటాయి. డయామాక్స్ కూడా మూత్రం పోయించేదే, రెండూ కలిస్తే పొటాషియం పడిపోవచ్చు. అందుకే ఈ వారంలోనే ఆ కవరు పట్టుకుని మీ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం, షుగర్, ఈసీజీ చూస్తారు. ఇది చదివి భయపడి మాత్రలన్నీ ఒక్కసారిగా మానేయకండి, స్టెరాయిడ్ చాలాకాలం వాడి ఉంటే ఉన్నట్టుండి ఆపడమూ ప్రమాదమే.

ఇక కేదార్‌నాథ్. అది గ్యాస్ అని ఎవరు చెప్పారండీ? నడక మొదలయ్యే గౌరీకుండ్ 2,000 మీటర్ల లోపు, కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, ఒక్క రోజులో ఎక్కి ఆ రాత్రి తలనొప్పి, వాంతులు అంటే నా అంచనాలో అది ఎత్తు వల్ల వచ్చిన జబ్బే. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. బలానికీ దీనికీ సంబంధం లేదు, జిమ్ చేసే పాతికేళ్ల కుర్రాడికీ వస్తుంది. బేస్ క్యాంప్ 5,364 మీటర్లు, అక్కడ గాలి పీడనం దాదాపు సగమే, ఒక్కో ఊపిరికి మీకు అందే ఆక్సిజనూ సగమే. సముద్రమట్టానికి నాలుగు మీటర్ల ఎత్తులో బతికే మన ఒంటికి అలవాటు పడే వ్యవధి ఇవ్వాలి కదా.

మీ ప్లాన్‌లో ఆ వ్యవధే లేదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. మామూలుగా దారిలో నామ్చే (3,440 మీ.), డింగ్‌బోచే (4,410 మీ.) రెండుచోట్లా రెండేసి రాత్రులు ఉంటారు. మీరు ఆ రెండు రోజులూ కోసేశారు. పట్టుబడి మీ తమ్ముడో మేనేజరో చూసుకుంటారు, లేదంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను.

డెక్సా ఎవరు కొనమన్నారో గానీ, తలనొప్పి రాగానే అది వేసుకుని పైకి నడవడం చాలా తప్పు. ఎత్తు వల్ల వచ్చే మెదడు వాపుకి అది మంచి మందే, మేమూ వాడతాం, అయితే మనిషిని కిందికి దించుతూ వాడతాం. అది వేసుకుంటే తలనొప్పి పోతుంది, ఆకలేస్తుంది, బాగైపోయాననిపిస్తుంది, కానీ ఒళ్లు ఆ ఎత్తుకి అలవాటు పడి ఉండదు. ఆ ధైర్యంతో ఇంకో 500 మీటర్లు ఎక్కాక మాత్రలు అయిపోతే లక్షణాలు తిరగబెడతాయి, అప్పటికి దిగడానికి ఓపిక ఉండదు. డయామాక్స్ సంగతి వేరు. మీ చరిత్ర చూస్తే అవసరం పడొచ్చు. సాధారణంగా 125 మి.గ్రా. ఉదయం, రాత్రి, ఎక్కే ముందురోజు మొదలుపెడతారు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. సల్ఫా మందులు పడవా అన్నది, పైన చెప్పిన పరీక్షల రిపోర్టు, రెండూ చూశాకే మీ డాక్టరు రాయాలి. రాస్తే ఇక్కడ ఇంట్లోనే ఒకటి రెండు రోజులు వేసుకుని చూడండి. బీపీ మాత్రలో మార్పు కావాలా అన్నదీ అప్పుడే అడగండి.

మీ నలుగురూ ఒక ఒప్పందానికి రండి: ఎవరికైనా తలనొప్పితో పాటు వికారమో, తల తిరగడమో ఉంటే ఆ రోజు ఇంక పైకి వద్దు. మడమకి వేళ్లు ఆనించి సరళరేఖలో నడవమంటే తూలుతున్నా, మాట తేడాగా ఉన్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అర్ధరాత్రయినా సరే తోడు మనిషితో కిందికి దించేయాలి. తెల్లారాక చూద్దాంలే అన్నమాటే మనుషుల్ని చంపుతుంది. దారిలో ఫెరిచే అనే ఊళ్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల క్లినిక్ ఉంది, ట్రెక్కింగ్ సీజన్లో డాక్టర్లుంటారు, మొహమాటపడకుండా వెళ్లండి. అక్కడ మందు (ఆల్కహాల్), నిద్రమాత్రలు వద్దు. హెలికాప్టర్ ఖర్చు వచ్చే ఇన్సూరెన్స్ ఆ ఎత్తు వరకు వర్తిస్తుందో లేదో చదువుకోండి.

మోకాళ్లు: మెట్లు దిగేటప్పుడు నొప్పి అంటే మోకాలి చిప్ప దగ్గర అరుగుదల కావొచ్చు, ఆర్థోపెడిక్ డాక్టరు చూడాలి. జెల్ ఇంజెక్షన్ మీద నాకంత నమ్మకం లేదు, ప్రయాణం ముందు అసలే వద్దు. తొడ కండరాల వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టండి. మన దగ్గర ఎత్తంటే ఏటిగట్టే కాబట్టి రోజూ వీపున బ్యాగుతో గట్టు ఎక్కి, నెమ్మదిగా దిగండి, దిగడమే ముఖ్యం. రెండు చేతులకీ ట్రెక్కింగ్ కర్రలు తీసుకోండి. మామూలు సాగే నీ క్యాప్ చాలు, పడుకునేటప్పుడు తీసేయండి. నొప్పికి పారాసెటమాల్ మాత్రమే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో.