హెల్మెట్ పెట్టుకుంటే నమ్మకం తగ్గినట్టా?

‘కాపాడేవాడు పైనున్నాడు, నాకు హెల్మెట్ ఎందుకు?’ అని మీ నాన్నగారు అంటున్నారని, ఏం చెప్పాలో తెలియడం లేదని రాశారు. ముందుగా ఒక మాట: ఆయన నమ్మకంతో వాదనకు దిగకండి, ఓడిపోతారు. ఆ నమ్మకం లోపలి నుంచే మాట్లాడండి.

బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 22:8 చూడండి. కొత్త ఇల్లు కడితే కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకుంటే ఎవరైనా పడి చనిపోయిన దోషం ఆ ఇంటి మీదే ఉంటుందని అక్కడ ఉంది. అంటే జాగ్రత్త పడటమే అక్కడ దైవాజ్ఞ. ఒంటెను వదిలేసి దేవుణ్ణి నమ్మాలా, కట్టేసి నమ్మాలా అని ఒకరు అడిగితే, ముందు కట్టి ఆ తర్వాత నమ్మమని ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు తిర్మిజీ అనే హదీసుల (ప్రవక్త మాటల) సంకలనంలో ఉంది. మన సామెత ఇంకా ఘాటైనది: గాలిలో దీపం పెట్టి ‘దేవుడా, నీ మహిమ’ అన్నట్టు!

ఇటలీలోని వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చి గంటల గోపురం మీద ఎన్నోసార్లు పిడుగులు పడ్డాయి. చివరకు 1776లో దానికి పిడుగును నేలలోకి పంపే కడ్డీ అమర్చారు. ఆ తర్వాత అక్కడ ప్రార్థనలేమీ ఆగిపోలేదు.

మీ నాన్నగారు బీపీ మాత్రలు వేసుకుంటారా? రాత్రి తలుపు గడియ పెడతారా? నవ్వుతూ అడగండి, నిలదీసినట్టు మాత్రం వద్దు. బండి తీసే ముందు ఆయన దణ్ణం పెట్టుకుంటారుగా, అప్పుడే హెల్మెట్ చేతికివ్వండి.