ధనుర్మాసంలో చిత్తూరు నుంచి తిరుమలకు నడక: ఎన్ని రోజులు, ఏం జాగ్రత్తలు?

అమ్మగారితో కలిసి చిత్తూరు నుంచి తిరుమలకు నడిచి వెళ్లాలనుకుంటున్నామని, ఎన్ని రోజులు పడుతుందో, చలికి ఏం సర్దుకోవాలో చెప్పమని అడిగారు.

దారిలో మూడు రాత్రులు, నాలుగో రోజు పొద్దున్నే కొండ ఎక్కడం. ఇలా పెట్టుకోండి. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. రెండు రోజుల్లో ముగించేవాళ్లు ఉన్నారు గానీ, చాలామంది మెట్ల దగ్గరికి కుంటుకుంటూ చేరతారు. మొదటి రోజు కాణిపాకంలో వినాయకుణ్ణి చూసుకుని పూతలపట్టు దాకా నడవండి. రెండో రోజు కాశిపెంట్ల వైపు, 25 కిలోమీటర్లు మించకుండా. మూడో రోజు చంద్రగిరి దాటి శ్రీనివాసమంగాపురంలో ఆగిపోండి. ఓపిక ఉంది కదా అని ఆ సాయంత్రమే మెట్లెక్కొద్దు. రోజంతా తారురోడ్డు మీద నడిచిన పిక్కలు మెట్ల మీద పట్టేస్తాయి. పైగా అక్కడి నుంచి కొండెక్కే శ్రీవారి మెట్టు నడకదారిని చీకటి పడితే మూసేస్తారు.

మన వైపు చలికాలంలో అసలు ఇబ్బంది చలి కాదు, తడి. ఈశాన్య రుతుపవనాల వాన డిసెంబరులోనూ పడుతుంది, తెల్లవారుజామున గడ్డి నిండా మంచు. తడిసిన పాదం చర్మం మెత్తబడి, చెప్పు వారు ఒరుసుకున్న చోట బొబ్బ లేస్తుంది. నడక ఆగిపోయేది ఎక్కువగా దీనివల్లే. మూడు జతల సాక్సులు తీసుకోండి. నూలువి వద్దు, నీళ్లు పీల్చుకుని ఆరవు. ఆటలకు వేసుకునే నైలాన్‌వి మేలు. ఐదారు కిలోమీటర్లకోసారి ఆగి, సాక్సులు విప్పి, వేళ్ల సందులు తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి. ఎక్కడైనా చురుక్కుమంటే బొబ్బ లేచేదాకా చూడకుండా అప్పుడే ప్లాస్టరు వేయాలి. లేచిన బొబ్బ చిన్నదైతే ముట్టుకోవద్దు. పెద్దదై నడవనివ్వకపోతే, స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున రెండు చోట్ల గుచ్చి నీరు తీసేయండి, పైతోలు మాత్రం పీకొద్దు. తడి పంచెకు, చీరకు తొడలు ఒరుసుకుపోతాయి, కాబట్టి పొద్దున్నే వ్యాసలీను గానీ కొబ్బరినూనె గానీ పట్టించాలి. కొత్త చెప్పులు కొంటే మూడు వారాల ముందే కొని అరగదీయండి. అమ్మగారికి షుగరు ఉంటే వట్టికాళ్లతో నడవనివ్వొద్దు. పాదానికి స్పర్శ తగ్గి ఉంటే గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు.

దాహం వేయదు కదా అని నీళ్లు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికి తలనొప్పి, పిక్కల నొప్పి మొదలవుతాయి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదన్నమాట. రోజుకొక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగండి.

అన్నిటికంటే భయపడాల్సింది హైవే మీది పొగమంచుకు. గోవింద నామాలు చెప్పుకుంటూ చీకట్లో, వాహనాలకు వీపు పెట్టి నడిచే గుంపులు కనిపిస్తుంటాయి. దయచేసి అలా నడవొద్దు. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడి అంచున, ఒకరి వెనక ఒకరు నడవండి. వెలుతురు పడితే మెరిసే పట్టీల జాకెట్టు ఇద్దరికీ ఉండాలి. మంచు దట్టంగా ఉంటే ఎండ వచ్చేదాకా టీ కొట్టు దగ్గరే కూర్చోండి, గంట ఆలస్యమైనా ఏమీ కాదు.

సత్రంలోనో గుడి మండపంలోనో పడుకునేటప్పుడు బండ నేల ఒంట్లో వేడంతా లాగేస్తుంది. పైన రెండు దుప్పట్లు కప్పుకోవడం కంటే కింద టార్పాలిన్ పట్ట, దాని మీద మందపాటి దుప్పటి వేసుకోవడమే మంచిది.

శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు. దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే గానీ ఏకబిగిన ఎక్కుడే. అలిపిరి దారిలో 3550 మెట్లు, మధ్యలో చదును నడక కూడా వస్తుంది. అమ్మగారికి మోకాళ్ల నొప్పి ఉంటే తిరుపతి దాకా పోయి అలిపిరి నుంచి ఎక్కినా తప్పులేదు, నిట్టనిలువు మెట్లుండే మోకాళ్ల మిట్ట దగ్గర మాత్రం నిదానంగా ఎక్కించండి. వానలు ఎక్కువ పడితే దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. 2021 నవంబరు వానలకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారిని మళ్లీ 2022 మేలోనే తెరిచారు. సామాను కింద అప్పగించినా ఒక పొడి చొక్కా, శాలువా, మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి. చెమటతో తడిసిన బట్టలతో పైన గాలిలో నిలబడితే పది నిమిషాల్లో వణుకు పుడుతుంది. చివరి మెట్టు ఎక్కగానే బట్టలు మార్చుకోవాలి.

నడిచి వచ్చినంత మాత్రాన దర్శనం టోకెను దొరుకుతుందనుకోవద్దు. వైకుంఠ ద్వార దర్శనం రోజుల్లో పద్ధతి వేరుగా ఉంటుంది, కాబట్టి బయల్దేరే ముందే చూసుకోండి. తిరుగు ప్రయాణంలో అమ్మగారిని బస్సులో దింపండి. మోకాళ్ల మీద భారం ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ.