గోడకి బిగించే ముందు

అమ్మలూ,

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత, తేమ చూసే సెన్సార్లు పెడుతున్నారని, వాటిని ఆఫీసులో కూర్చుని నడిపించడానికి డివైస్‌లో ఉండాల్సిన క్లయింట్ ప్రోగ్రాం పని నీ నెత్తిన పడిందని మొన్న చెప్పావు. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా.

లైట్‌వెయిట్ ఎం2ఎం తీసుకున్నారు, దూరంగా ఉన్న చిన్న డివైస్‌లని సర్వర్ నుంచి చూసుకునే పద్ధతి కదా, మంచిదే. ఏ క్లయింట్ వాడాలని అడిగావు. మీ బోర్డు మీద ఇప్పటికే జెఫిర్ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంటే అందులో ఉన్నదే వాడు. లేదంటే ఎక్లిప్స్ వాళ్ల వకామా ఉంది, సీ భాషలో రాసినది, చిన్నది. దీని మీద రెండు వారాలు మీటింగులు పెట్టుకోకండి. ఏది వాడినా ఇరుక్కునే చోట్లు అవే.

మొదటి రోజు నీ ల్యాప్‌టాప్‌లో లేషాన్ అనే లైట్‌వెయిట్ ఎం2ఎం డెమో సర్వర్ నడుపు. జావా ఉంటే చాలు, ఒక్క జార్ ఫైలు. ఆ రోజుకి తాళాలేమీ వద్దు, 5683 పోర్టులో మామూలు కోయాప్ చాలు, చిన్న డివైస్‌లు సర్వర్‌తో మాట్లాడే భాష అది. డివైస్ రిజిస్టర్ అయ్యాక 3303/0/5700 చదువు, అది ఉష్ణోగ్రత. తర్వాత సెన్సార్‌ని గుప్పిట్లో పట్టుకుని మళ్లీ చదువు. అంకె పెరగాలి. పెరగలేదంటే ఉదాహరణ కోడ్‌లో ఎవరో రాసిపెట్టిన అంకెనే చూస్తున్నావన్నమాట. నవ్వకు, నేను ఒక పూటంతా 25.0 చూసి మురిసిపోయినవాణ్ణి.

రెండో రోజు తాళం వెయ్యి. పోర్టు 5684కి మారుతుంది, డీటీఎల్ఎస్ అనే గుప్తీకరణ వస్తుంది, పీఎస్‌కే, అంటే రెండు వైపులా ముందే ఇచ్చిన రహస్య కీ, పెడతావు. ఐడెంటిటీ మామూలు అక్షరాలే, కీ మాత్రం బైట్లు. సర్వర్ పేజీలో కీని హెక్స్‌లో, అంటే ఒక్కో బైటుకి రెండు అక్షరాలుగా, కొడతావు. డివైస్ కోడ్‌లో కూడా ఆ హెక్స్‌నే కోట్స్ మధ్య పెట్టేశావనుకో, 16 బైట్లు ఉండాల్సిన చోట 32 అక్షరాలు కూర్చుంటాయి. హ్యాండ్‌షేక్, అంటే రెండు వైపుల మొదటి పరిచయం, కుదరదు, లాగ్ చూస్తే ముక్క అర్థం కాదు. ఈ ఒక్కదానితో రెండు రోజులు పోగొట్టుకున్న కుర్రాళ్లని చాలామందిని చూశాను.

కీ ప్రతి డివైస్‌కీ వేరుగా ఉండాలి. పేరు కూడా అంతే. ఒకసారి మేం ఇరవై డివైస్‌లకి ఒకే ఫర్మ్‌వేర్, అంటే డివైస్ లోపలి ప్రోగ్రాం, ఎక్కించి తీసుకెళ్లాం. ఎండ్‌పాయింట్ పేరు, అంటే డివైస్ సర్వర్‌కి చెప్పుకునే పేరు, కోడ్‌లోనే రాసి ఉందని ఎవరికీ గుర్తు లేదు. సర్వర్‌లో ఒకే ఒక్క డివైస్ కనబడుతోంది, దాని ఉష్ణోగ్రత కాసేపు 6, కాసేపు 31. కంప్రెసర్ పాడైందనుకుని ఆ యజమాని మెకానిక్‌ని పిలిపించాడు, పాపం అతను సగం విప్పేశాడు కూడా. ఒక పేరుతో కొత్త రిజిస్ట్రేషన్ వస్తే సర్వర్ పాతదాన్ని తీసేస్తుంది. ఇరవై డివైస్‌లూ ఒకే కుర్చీ కోసం తోసుకుంటున్నాయి, వాటిలో ఒకటి వరండాలో ఉంది! మోడెమ్ ఐఎంఈఐ నంబరునే పేరుగా పెట్టు, అదే స్టిక్కర్ మీద వేయించి డబ్బాకి అంటించు. డబ్బా లోపల ఇంకొకటి అంటించు, చలిగదిలో తేమకి బయటిది ఊడిపోతుంది.

అసలు కష్టం ఆ చలిగదిలోనే మొదలవుతుంది. దళసరి ఇన్సులేషన్ గోడలు, లోపల కప్పు దాకా బస్తాలు. సిగ్నల్ చచ్చిపోతుంది. వీలైతే యాంటెన్నా గోడ బయట పెట్టించు, వైరు లాగడానికి వాళ్లు సణుగుతారు, సణగనీ. కోయాప్ మామూలుగా రెండు మూడు సెకన్లు జవాబు కోసం చూసి, రాకపోతే మళ్లీ పంపుతుంది, ప్రతిసారీ గడువు రెట్టింపు చేసుకుంటూ నాలుగుసార్లు దాకా. ఎన్‌బీ ఐఓటీ మొబైల్ నెట్‌వర్క్‌లో సిగ్నల్ బలహీనంగా ఉంటే జవాబు రావడానికే అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. జవాబు దారిలో ఉండగానే నీ డివైస్ మళ్లీ అరుస్తుంటుంది, బ్యాటరీ కరిగిపోతుంది. నేనైతే ఆ మొదటి గడువుని 10 సెకన్లకి పెంచుతాను.

లైఫ్‌టైమ్, అంటే రిజిస్ట్రేషన్ ఎంతసేపు నిలుస్తుందో ఆ గడువు, కూడా చూసుకో. ఉదాహరణ కోడ్‌లలో 30 సెకన్ల లాంటి అంకెలుంటాయి, టేబుల్ మీద ఆడుకోవడానికి బాగానే ఉంటుంది. బ్యాటరీ డివైస్‌కి 86400, అంటే ఒక రోజు పెట్టు. ఆ లోపల ఒక్కసారైనా అప్‌డేట్ రాకపోతే సర్వర్ దాన్ని మర్చిపోతుంది. క్యూ మోడ్ తప్పకుండా పెట్టు. డివైస్ నిద్రపోతున్నంతసేపూ సర్వర్ కమాండ్లని దాచి ఉంచి, లేవగానే ఇస్తుంది. ఈ సంగతి మీ ఆపరేషన్స్ వాళ్లకి ముందే చెప్పు. లేకపోతే రీబూట్ బటన్ నొక్కి, ఏమీ జరగలేదని మరో నాలుగుసార్లు నొక్కుతారు. అది లేచాక వరసపెట్టి రీబూట్ అవుతూ కూర్చుంటుంది.

నిద్రతో ఇంకో తిప్పలు. డివైస్ పడుకున్న కొన్ని నిమిషాలకే ఆపరేటర్ దగ్గర చిరునామాలు మార్చే నాట్ దాని పోర్టుని మర్చిపోతుంది. లేచి మాట్లాడితే సర్వర్‌కి అది కొత్త చిరునామా నుంచి వచ్చినట్టు ఉంటుంది, పాత సెషన్ అని పోల్చుకోదు, ప్యాకెట్ పారేస్తుంది. దీనికోసమే డీటీఎల్ఎస్‌లో చిరునామా మారినా సెషన్‌ని గుర్తుపట్టే కనెక్షన్ ఐడీ వచ్చింది, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9146 ప్రమాణంగా. రెండు వైపులా ఉంటేనే పనిచేస్తుంది, మీ సర్వర్ వాళ్లని అడిగి కనుక్కో. లేదంటే లేచిన ప్రతిసారీ హ్యాండ్‌షేక్ మొదటి నుంచి చెయ్యాలి.

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. మీరు వాడేది లిథియం థయోనిల్ క్లోరైడ్ అయితే వోల్టేజీ చూసి శాతం లెక్కకట్టకు. చివరి దాకా 3.6 దగ్గరే కదలకుండా నిలబడి, ఒక్కసారిగా పడిపోతుంది. బ్యాటరీ శాతం చెప్పే 3/0/9లో నిన్నటి దాకా నూరు చూపించిన డివైస్ ఇవాళ పలకదు. ఎన్నిసార్లు లేచింది, ఎంతసేపు రేడియో వాడింది లెక్కపెట్టి అంచనా వెయ్యి.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. రీడింగులు పంపడం ఎవరైనా చేస్తారు. తప్పు ఫర్మ్‌వేర్ పంపిన రోజున డివైస్ తనంతట తాను తిరిగి రావాలి. జెఫిర్‌తో ఎంసీయూబూట్ అనే బూట్‌లోడర్ వాడతారు కదా, కొత్త ఫర్మ్‌వేర్ ఇమేజ్‌ని ముందు పరీక్షకని నడుపుతుంది, నువ్వు కన్‌ఫర్మ్ చెయ్యకపోతే తర్వాతి రీబూట్‌లో పాతదానికి వెళ్లిపోతుంది. చాలామంది ఆ కన్‌ఫర్మ్‌ని ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్‌లో మొదటి లైన్లోనే రాసేస్తారు. మోడెమ్ సెట్టింగ్ తప్పున్న ఇమేజ్ కూడా చక్కగా బూట్ అవుతుంది, కన్‌ఫర్మ్ అవుతుంది, ఇక ఎప్పటికీ మాట్లాడదు. సర్వర్‌లో రిజిస్ట్రేషన్ పూర్తయ్యాకే కన్‌ఫర్మ్ చెయ్యి. అరగంటలో రిజిస్టర్ కాకపోతే రీబూట్ అయ్యేలా టైమర్ పెట్టు.

కోడ్ రాసి ఊరుకోకు. సర్వర్ చిరునామా కావాలనే తప్పుగా పెట్టి ఒక ఇమేజ్ తయారుచేసి, నీ టేబుల్ మీదున్న డివైస్‌కి వైరు లేకుండా గాలిలోనే పంపు. తర్వాత దాన్ని ముట్టుకోవద్దు. కేబుల్ తీసేసి, డ్రాయర్‌లో పెట్టి, టీ తాగి రా. గంటలో పాత వెర్షన్ నంబరుతో సర్వర్‌లో మళ్లీ కనబడిందా, గుంటూరుకి టికెట్ చేయించుకో. కనబడకపోతే ఆ రోజు రాత్రి నాకు ఫోన్ చెయ్యి, పన్నెండింటి దాకా మెలకువగానే ఉంటాను.

అక్కకి చెప్పు, పండక్కి వస్తున్నాను. వచ్చేటప్పుడు నీ పాత బోర్డు ఒకటి నాకివ్వు, మా మేడ మీద నీళ్ల ట్యాంకుకి పెడతాను.

మీ మావయ్య