టీవీ క్రైమ్ ఎపిసోడ్లు నిజంగా జరిగిన హత్యలను ఉన్నదున్నట్టు చూపిస్తాయా?

చూపించవు. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చిన్నాయనను పొలం గెట్టు పంచాయితీలో చంపారు. సర్వేయర్ వచ్చి కొలిచినా తెగని గొడవ అది. చంపిందెవరో మొదటి రోజే ఊరంతటికీ తెలుసు. దాచిన సంగతేమీ లేకపోతే అరగంట ఎపిసోడ్ నడవదు. అందుకే ఒక ఛానెల్ వాళ్లు నేరుగా మా చిన్నమ్మ మీదికే అనుమానం తిప్పారు.

అందులో చిన్నమ్మ వేషం కట్టినామె తలుపు చాటున నిలబడి ఎవరికో ఫోన్ చేస్తుంటుంది. కింద 'కల్పిత దృశ్యాలు' అని చిన్న అక్షరాలు వేశారు. వాటిని ఎవరు చదువుతారు? అప్పటికి దినాలై నెల కూడా కాలేదు. చిన్నమ్మ బోరింగు దగ్గరికి నీళ్లకు పోవడం మానేసింది. బడిలో పిల్లాడిని అడిగారు, "మీ అమ్మ ఎవరికి ఫోన్ చేసిందిరా?" అని. తర్వాత కోర్టులో అవతలి వకీలు కూడా అదే అడిగాడు. ఛార్జిషీట్‌లో ఎక్కడా లేని ఆ ప్రశ్న టీవీ నుంచే వచ్చింది, నాకు ఏ అనుమానమూ లేదు.

ఇంకొకటి. ఈ షోలలో చంపేవాడు మన యాస మాట్లాడతాడు, పట్టుకునే ఎస్సై మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడతాడు. చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న, కడుపుతో ఉన్న భార్య కళ్లెదుటే, ఆసుపత్రి బయట జరిగిన హత్యనే తీసుకోండి. ఆ సీసీ కెమెరా వీడియోను టీవీల్లో ఎంతగా తిప్పి తిప్పి వేశారో అందరం చూశాం. నల్లగొండ కోర్టు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది: ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. ప్రధాన నిందితుడు 2020లోనే చనిపోయాడు. ఆ ఆరున్నరేళ్లలో వాయిదా వాయిదాకూ ఆ ఇంటివాళ్లు ఏం మోశారో ఎవరికి పట్టింది? కూలి పోగొట్టుకుని బస్సెక్కడం, సాక్షులు అడ్డం తిరగకుండా బతిమాలుకోవడం, పోయిన మనిషి బండి పోలీస్ స్టేషన్‌లో తుప్పు పడుతుంటే చూడటం మా ఇంట్లో అందరికీ తెలుసు. టీవీలో బేడీలు పడగానే కథ అయిపోతుంది.

మా కేసులోనూ శిక్ష పడింది. తీర్పు రోజు ఆ ఛానెల్ నుంచి ఎవరూ రాలేదు. ఎపిసోడ్ ఇంకా యూట్యూబ్‌లో ఉంది. తీర్పు సంగతి దాని కింద కామెంట్ పెడితే తీసేశారు. మళ్లీ పెట్టాను.