అన్నీ ఆదివారం మీద రుద్దబాక

పాపా,

ఫోన్లో నీ గోడంతా విన్నా. వారమంతా ఆఫీసు, ఆదివారం లేస్తే కొండంత బట్టలు, ఇల్లు కడగడం, సాయంత్రానికి నడుం పడిపోవడం. మీ అమ్మా ఇట్టానే చేసేది. నేను చెప్తే దానికి కోపం.

ముందు ఉతుకుల సంగతి చూడు. మీ వీధికి కుళాయి నీళ్ళు ఏ రోజు వస్తాయో అదే నీకు పెద్ద ఉతుకుల రోజు. దుప్పట్లు, తువ్వాళ్ళు, మీ ఆయన చొక్కాలు ఆ రోజుకి పెట్టుకో. మిగతా రోజుల్లో ఒంటి మీదవి మాత్రం ఏ రోజువి ఆ రోజే జాడించెయ్. గురువారం సాయంత్రం చింతపండు, ఉప్పు వేసి దీపాలు, ఇత్తడి చెంబులు తోమి బోర్లించు. అప్పుడు శుక్రవారం పొద్దున గడప కడిగి పసుపు రాసి ముగ్గేస్తే పని అయిపోతుంది. శనివారం తలంట్లు, తలగడ గలేబులు. మంగళ, శుక్రవారాలు బూజు దులపకూడదంటారు. నాకు పట్టింపు లేదు గానీ మీ అత్తగారి ఎదట మాత్రం చెయ్యబాక. ఆదివారం చీపురు ముట్టుకోకు.

ఇక సబ్బు. మీ బోరు నీళ్ళు ఉప్పన, ఏ సబ్బు రుద్దినా నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుందన్నావు కదా. అట్టాంటి నీళ్ళలోనూ కొబ్బరినూనె సబ్బు నురగొస్తుంది. మిగతా నూనెల సబ్బులకి ఆ గుణం తక్కువ. అందుకే నేను కొబ్బరినూనెతోనే చేస్తా.

కిలో కొబ్బరినూనెకి 180 గ్రాముల కాస్టిక్ సోడా, 400 గ్రాముల నీళ్ళు. తూకం వేసే చెయ్యి, కళ్ళతో కాదు. లీటరు నూనె కిలో తూగదమ్మే, 900 చిల్లర గ్రాములే ఉంటుంది. నేను మొదటిసారి లీటరే కిలో అనుకుని పోశా. సోడా ఎక్కువైంది. ఆ సబ్బుతో రెండు రోజులు ఉతికితే వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయింది. పచ్చడి కలుపుకోవాలన్నా చెంచానే దిక్కయింది.

కాస్టిక్ సోడా అంటే ఆటలు కాదు. మేడ మీద గాలి ఆడేచోట కూర్చో. రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకో, పిల్లల్నీ పిల్లినీ దగ్గరికి రానివ్వబాక. ఎప్పుడూ నీళ్ళలోనే సోడా కొంచెం కొంచెంగా వెయ్యాలి. సోడా మీద నీళ్ళు పోశావంటే ఎగిసి మొహాన పడుతుంది. వేసీ వెయ్యగానే ఆ నీళ్ళు కాగినట్టు వేడెక్కి ఘాటు పొగ లేస్తుంది, మొహం పక్కకి తిప్పుకో. స్టీలు గిన్నె వాడు. సత్తు గిన్నెని, అదే అల్యూమినియందాన్ని, సోడా తినేస్తుంది. గొట్టాలు శుభ్రం చేసే పొడి కొనబాక, దాంట్లో ఇంకేవేవో కలుస్తాయి. ఒంటి మీద పడితే పావుగంటకి తక్కువ కాకుండా ధారగా నీళ్ళు పోస్తూనే ఉండు. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి పరిగెత్తు.

సోడా నీళ్ళు, నూనె రెండూ గోరువెచ్చగా ఉన్నప్పుడు కలుపు. ఆపకుండా తిప్పాలి, చేత్తో అయితే అరగంట పైనే పట్టొచ్చు. మొదట మజ్జిగలా ఉంటుంది. గరిటెతో పైన గీత గీస్తే ఆ గీత కాసేపు నిలబడేదాకా, దోసెపిండి అంత చిక్కబడేదాకా తిప్పు. ప్లాస్టిక్ కాగితం పరిచిన డబ్బాలో పోసి, గంటగంటకీ వేలితో కాకుండా పుల్లతో నొక్కి చూడు. గట్టిపడుతుండగా, సాయంత్రంలోగానే కొయ్యి. తెల్లారేదాకా ఉంచావంటే బెల్లం అచ్చులా పెళుసెక్కి పగిలిపోతుంది. నీడలో, గాలి తగిలేట్టు నాలుగు వారాలు ఆరనివ్వు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనవైపు ముసురు, తుపాన్లు. ఆ రోజుల్లో ఈ పని పెట్టుకోకు, ఆరదు. సంక్రాంతి వెళ్ళాక మంచిది. ఆ చలికి నూనె నెయ్యిలా గడ్డకడుతుంది, కొంచెం వెచ్చబెట్టి తూకం వెయ్యి.

మా అమ్మ కాలంలో చౌడు మట్టి నానబెట్టి, తేరిన నీళ్ళలో బట్టలు ఉడకేసేవాళ్ళు. చౌట్లో ఉండే సోడానే ఇప్పుడు బట్టల సోడా అని పొడిగా అమ్ముతున్నారు. నానబెట్టే బకెట్లో ముందు ఒక చెంచా అది కలిపితే తెట్టు తగ్గుతుంది. వంట సోడా కాదు, పైన చెప్పిన కాస్టిక్ సోడా కూడా కాదు, చూసి తెచ్చుకో. ఈ సబ్బు తువ్వాళ్ళకి, కాలర్లకి, మసిగుడ్డలకి బాగుంటుంది. పట్టుకి పనికిరాదు. నీ పెళ్ళి చీరకి కుంకుళ్ళే. పది కాయలు గింజలు తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగట్టి, అందులో ఊరికే ముంచి తియ్యి, పిండకు. మిషన్లో కూడా ఈ సబ్బు వెయ్యబాక, జిగురు పట్టుకుంటుంది.

శుక్రవారం మీ పెదనాయన ఒంగోలు వస్తున్నాడు. ఆరు బిళ్ళలు ఇచ్చి పంపుతున్నా. సంచిలో పైనున్న రెండూ బాగా ఆరినయ్యి, ఇప్పుడే వాడుకోవచ్చు. కింద కాగితంలో చుట్టినవి పోయిన వారమే కోశా, వచ్చే నెల దాకా ముట్టుకోకు.

కావలి నుంచి
మీ పెద్దమ్మ