ఫ్లోరిడాలో కోబియా కోసం బోటు బుక్ చేసేటప్పుడు కెప్టెన్‌ని ఏం అడగాలి?

మీరు అడిగింది ఇదీ: మీది హన్మకొండ, ఏప్రిల్‌లో అట్లాంటాలో ఉన్న మీ అక్క దగ్గరికి వెళ్తున్నారు, అక్కడి నుంచి ఫ్లోరిడా తీరానికి వెళ్లి, గైడ్ ఉన్న బోటు మాట్లాడుకుని కోబియా అనే సముద్రపు చేపని పట్టాలని కోరిక. చెరువు గాలం తప్ప ఏమీ రాదు, మోసపోకుండా ఎలా బుక్ చేసుకోవాలి అని.

నాదీ హన్మకొండే. ధర్మసాగర్ గట్టు మీద ఎర్రలు గుచ్చుకుని కూర్చోవడం, వానలు పడ్డాక కొర్రమట్ట కోసం కప్ప కట్టి గాలమేయడం, ఇంతే నా విద్య. కూతురూ అల్లుడూ అట్లాంటాలో ఉంటారు. వాళ్ల పుణ్యమా అని ఫ్లోరిడాలో డెస్టిన్ అనే ఊరికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి పైసలు పోయాయి, కోబియా తోక కూడా కనపడలేదు. రెండోసారి దొరికింది. ఈ రెండింటికీ మధ్య తేడా అదృష్టం కాదు, బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో అడిగిన నాలుగు మాటలు.

మొదటిది 2022 జులైలో. మా అల్లుడు ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేశాడు. ఆ బోటు వాళ్ల సైట్ తెరవగానే పెద్ద కోబియా ఫోటో. ఇంకేం కావాలి అనుకున్నాం. పొద్దున ఆరింటికి రమ్మన్నారు. కారు గడియారం చూసుకుంటూ ఆరింటికే చేరాం, తీరా చూస్తే అక్కడ ఐదు. డెస్టిన్ అట్లాంటా కంటే గంట వెనక ఉంటుంది, అది సెంట్రల్ టైమ్. ఫోన్ దానంతటదే మారుతుంది గానీ మా కారు గడియారం మారలేదు. చీకట్లో దోమలు కొట్టుకుంటూ గంట కూర్చున్నాం. మీరు ఈ తప్పు చేయకండి.

బోటు సముద్రంలోకి చాలా దూరం పోయి ఒకచోట ఆగింది. అడుగున రాళ్లు, పాత ఓడ ముక్కలు ఉన్న చోటట. బరువు కట్టిన గాలం కిందికి వదలడం, ఎర్రటి స్నాపర్ చేపల్ని పైకి లాగడం. మంచి చేపలే, కాదనను. కానీ నేను మొదటి అరగంట తర్వాత గాలం పట్టలేదు, బోటు అంచు పట్టుకున్నాను. పాకాల చెరువులో తెప్ప మీద తిరిగినోణ్ణి, నాకు వాంతులేంటి అని మాత్ర వేసుకోలేదు. చెరువు వేరు, ఆగిన బోటు కింద మెల్లగా ఊగే సముద్రం వేరు. తిరిగొచ్చేటప్పుడు కోబియా సంగతి అడిగితే కెప్టెన్ నవ్వాడు. అది వసంతంలో ఒడ్డు వెంట వచ్చే చేప, ఇలా జులై ఎండాకాలంలో ఎప్పుడైనా ఒకటి దానంతటది బోటు దగ్గరికి తేలితే వేస్తాం, అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. మేమే అడగలేదు.

ఇక్కడ ఆ చేప గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే బుకింగ్ లెక్క అర్థం కాదు. కోబియా గోధుమ రంగులో, పొడుగ్గా, తల బల్లపరుపుగా ఉంటుంది, పక్కన నల్లటి చార. నీళ్లలో దూరం నుంచి చూస్తే చిన్న సొరచేప అనుకుంటాం. తమిళంలో దీన్ని కడల్ విరాల్ అంటారు, అంటే సముద్రపు కొరమీను. ఆ పేరు విన్నాకే నాకు దీని మీద పిచ్చి పట్టింది, మన రాష్ట్ర చేపకి సముద్రంలో చుట్టం ఉన్నాడా అని. నిజానికి చుట్టరికం ఏమీ లేదు, పోలిక మాత్రమే. దాని కుటుంబంలో ఇప్పుడు బతికున్న జాతి అదొక్కటే.

దీనికి ఈత తిత్తి ఉండదు. అయినా నీటి పైభాగానికి వచ్చి తిరిగే అలవాటు ఎక్కువ. తాబేలు, పెద్ద టేకు చేప, తేలే చెత్త, ఏది కనపడితే దాని నీడన చేరుతుంది. ఆ ఉత్తర ఫ్లోరిడా తీరంలో మార్చి నుంచి మే దాకా, నీళ్లు ఇరవై డిగ్రీలకు అటూ ఇటూ వేడెక్కేసరికి, తూర్పు నుంచి పడమటికి ఒడ్డు వెంబడే పోతుంది. అందుకని అక్కడ వేట అంటే గాలం వేసి కూర్చోవడం కాదు, వెతకడం. బోటు మీద ఎత్తుగా మంచెలాంటిది కట్టి ఉంటుంది, దాన్ని టవర్ అంటారు. కెప్టెన్ దాని మీద నిలబడి, ఒడ్డుకి సమాంతరంగా మెల్లగా నడుపుతూ నీళ్లలోకి చూస్తూనే ఉంటాడు. చేప కనపడితేనే గాలం విసురుతారు. మన జొన్న చేలో మంచె మీద కాపలా ఉన్నవాడి పని. మీరు కట్టేది ఆ కళ్లకి కూలీ.

అందుకే మొదటి ప్రశ్న "మీ దగ్గర కోబియా ట్రిప్ ఉందా" అని కాదు, దానికి అందరూ ఉందనే అంటారు. "ఆ రోజు పూర్తిగా కోబియాని వెతకడానికేనా, లేక కాసేపు చూసి కనపడకపోతే వేరే చేపకి వెళ్తారా" అని అడగండి. "కాసేపు చూస్తాం" అని జవాబు వస్తే అది మా మొదటి ట్రిప్ లాంటిదే. తర్వాత, బోటుకి టవర్ ఉందా? లేకపోయినా పట్టేవాళ్లుంటారు, కానీ ఒడ్డు వెంట వెతికే వేటకి ఎత్తు లేకపోతే సగం చేపలు కళ్ల ముందు నుంచే పోతాయి. ఇంకోటి, గత రెండు వారాల్లో ఎన్ని పట్టారని కాదు, ఎన్ని చూశారని అడగండి. పట్టినవి గొప్పగా చెప్తారు. చూసినవి ఎన్నో నిజాయితీగా చెప్పేవాడు "నిన్న ఒక్కటీ చూడలేదు" అని కూడా చెప్తాడు. రెండోసారి మేం కుదుర్చుకున్నాయన సరిగ్గా ఇదే మాట అన్నాడు. మా అల్లుడు వద్దన్నాడు, నేను ఈయనే కావాలన్నాను.

టైమ్ కూడా అడగండి. పొద్దున్నే చేపలు బాగా పడతాయని మనకి అలవాటు. కోబియాకి అది తిరగబడుతుంది. ఎండ నెత్తి మీదికి వస్తేనే నీళ్ల లోపల కనపడుతుంది. మేం తొమ్మిది నుంచి మూడు దాకా తీసుకున్నాం. మబ్బు పట్టినా, గాలికి నీళ్లు కలకబారినా ఏం చేస్తారో ముందే తేల్చుకోండి. వాతావరణం బాగాలేదని కెప్టెన్ రద్దు చేస్తే అడ్వాన్స్ వాపస్ ఇస్తారా, మరో తేదీ ఇస్తారా అనేది మెయిల్‌లో రాయించుకోండి. మనంతట మనం రద్దు చేస్తే అడ్వాన్స్ పోయినట్టే అనుకోండి. సెలవు నాలుగు రోజులుంటే బుకింగ్ మొదటి రోజుకి పెట్టుకోండి, రద్దయితే వెనక మూడు రోజులు చేతిలో ఉంటాయి.

పైసల సంగతి. రెండోసారి, 2024 ఏప్రిల్‌లో, ఆరు గంటల వేటకి, నలుగురికి, 1,200 డాలర్లు. అందులో 300 ముందే కట్టించుకున్నారు. దిగాక సహాయకుడికి టిప్పు ఇవ్వాలి, వాళ్లు మేట్ అంటారు. అక్కడ పదిహేను నుంచి ఇరవై శాతం రివాజు, మేం 240 ఇచ్చాం. మొత్తం మన లెక్కలో లక్షా ఇరవై వేలు. మా ఆవిడకి ఇప్పటికీ అసలు అంకె తెలియదు, ఈ జవాబు ఆమె కంట పడకూడదని కోరుకుంటున్నాను. సాధారణంగా ఇలాంటి చిన్న బోటుకి ఆరుగురు దాకా ఎక్కొచ్చు, రేటు బోటుకి గానీ మనిషికి కాదు. మీ అక్క వాళ్ల స్నేహితుల కుటుంబం కలిస్తే సగమవుతుంది. మనిషికి ఇంత అని టికెట్ కొని ఎక్కే పెద్ద బోట్లు చవకే, కానీ అవి కోబియాని వెతుక్కుంటూ తిరగవు. చేపలు పట్టే లైసెన్స్ గురించి టెన్షన్ పడకండి, ఫ్లోరిడాలో కెప్టెన్‌కి చార్టర్ లైసెన్స్, అంటే అద్దె బోటు లైసెన్స్, ఉంటే బోటులో ఉన్నవాళ్లందరికీ అదే వర్తిస్తుంది. ఆడవాళ్లు వస్తుంటే బోటులో టాయిలెట్ ఉందా అని తప్పకుండా అడగండి. చిన్న బోట్లలో కొన్నింటికి ఉండదు, ఆరు గంటలు సముద్రంలో ఉండాలి.

నిబంధనలు గట్టిగా ఉంటాయి. చేప తగ్గిపోతోందని 2022లో ఇంకా బిగించారు. మేం వెళ్లినప్పుడు ఆ తీరంలో మూతి నుంచి తోక చీలిక దాకా 36 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవాలి, మనిషికి రోజుకి ఒకటి, బోటు మొత్తానికి రెండే. ఆరుగురు ఎక్కినా రెండే. మీరు వెళ్లే ముందు ఒకసారి రాష్ట్ర మత్స్యశాఖ సైట్ చూసుకోండి, మారుతుంటాయి.

ఇక రెండోసారి వెళ్లిన ఆ రోజు. ముందు రాత్రే వాంతుల మాత్ర వేసుకున్నాను, పొద్దున ఇంకోటి. మీకు బీపీ, షుగర్ మందులుంటే ఆ మాత్ర డాక్టర్ని అడిగి ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. పన్నెండు దాకా ఏమీ లేదు. గంటకి రెండొందల డాలర్లు నీళ్లలో కరుగుతున్నాయని లెక్క వేసుకుంటున్నాను. కెప్టెన్ పైన బొమ్మలా నిలబడ్డాడు. మమ్మల్నీ చూడమన్నాడు. పోలరైజ్డ్ కళ్లద్దాలు లేకుండా చూస్తే నీటి మెరుపు తప్ప ఏమీ కనపడదు, అవి మాత్రం కొనుక్కుని వెళ్లండి. పన్నెండున్నరకి ఒక తాబేలు, దాని వెనకాల గోధుమ రంగు నీడ. మేట్ బతికున్న ఈల్‌ని, అదే పాములాంటి చేపని, ముందుకి విసిరాడు. నీడ దగ్గరికొచ్చింది, చూసింది, పోయింది. అంతే.

ఇక్కడో విషయం. విసరడం మనమా, మేటా అని ముందే మాట్లాడుకోవాలి. కొంతమంది కెప్టెన్లు మేట్ విసిరి, చేప తగిలాక కర్ర మన చేతికిస్తారు. నా ఆత్మాభిమానం ఒప్పుకోలేదు, రెండోదానికి నేనే విసురుతానన్నాను. దాని నెత్తి మీదే పడింది. కొర్రమట్ట అయితే కోపంతో కొట్టేదేమో, ఇది అదిరిపోయి మాయమైంది. తర్వాతి నుంచి నోరు మూసుకుని మేట్‌కే ఇచ్చాను.

మూడోది నాకు తగిలింది. పావుగంట పైనే లాగాను, చేతులు వణికాయి. కొలిస్తే 34 అంగుళాలు. వదిలేశాం. నీళ్లలోకి జారిపోతుంటే మా మనవడు టాటా చెప్పాడు, నాకు మాత్రం ఆ రెండు అంగుళాలు ఇప్పటికీ గుర్తొస్తాయి. రెండున్నరకి ఇంకోటి, మా అల్లుడికి. బోటు పక్కకి వచ్చాక కూడా కెప్టెన్ పైకి ఎక్కించనివ్వలేదు, ఇంకా అలసిపోలేదని రెండుసార్లు పోనిచ్చాడు. బలం తగ్గని కోబియాని బోటులో వేస్తే అది కొట్టుకునే కొట్టుడికి కర్రలు విరుగుతాయి, కాళ్లు విరుగుతాయి. పిల్లల్ని వెనక్కి జరిపి, మంచుపెట్టె మూత ముందే తెరిచి పెట్టాక లోపలికి తీసుకున్నాడు. 41 అంగుళాలు, పదమూడు కిలోల దాకా తూగింది.

ఇక్కడే, మన దేశంలో కుదరదా అనుకుంటే, కోబియా బంగాళాఖాతంలోనూ ఉంది. 2010లో తమిళనాడు మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు దీన్ని పెంపకంలో గుడ్లు పెట్టించి పిల్లల్ని తీశారు. గైడ్‌తో వేట బోట్లు అండమాన్‌లో ఉన్నాయి, అక్కడ ఎక్కువగా వేరే పెద్ద చేపల కోసం తిరుగుతారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం కూడా ఉంటుంది. కాబట్టి మీ తేదీలకి ఫ్లోరిడాయే నయం.

చివరగా చేప కోయడం. ఒడ్డుకి వచ్చేదాకా తల, రెక్కలు తీయకూడదు, చేప మొత్తంగా ఉండాలి. రేవులో మేట్ బల్ల మీద వేసి ముళ్లు లేకుండా రెండు పక్కలా కండ మాత్రం తీసి సంచీలో పెట్టి ఇస్తాడు. తలా, నడుమెముకా పక్కనున్న కొంగల్లాంటి పెలికాన్లకి పోతాయి. అంత పెద్ద తల! మా మిరుగం నాటి పులుసంతా అందులో ఉంది. నేను అడిగేసరికి మేట్ ముఖం చూడాలి. ముక్కలు కొట్టి ఇచ్చాడు, నవ్వుకుంటూ. ఐదున్నర గంటల దారి మంచులో పెట్టుకుని అట్లాంటా తెచ్చాం. కండ గట్టిది, చింతపులుసులో ఎంత ఉడికినా చెదరదు. మీరైతే తల కావాలన్న సంగతి బోటు ఎక్కేటప్పుడే చెప్పండి, ఆయన కత్తి పట్టాక చెప్తే ఆలస్యమైపోతుంది.