మట్టి తింటున్న పాపకు కావాల్సింది పొడి డబ్బా కాదు

ప్రశ్న: మా పాపకు 16 నెలలు, బరువు 9 కిలోలు. అన్నం పెడితే ఉమ్మేస్తుంది, ఫోన్ చూపిస్తేనే నాలుగు ముద్దలు తింటుంది. గేదె పాలు మాత్రం రోజుకు లీటరు దాకా తాగుతుంది. ఈమధ్య మట్టి, గోడ పెచ్చులు తింటోంది. ‘అమ్మ’ తప్ప మాటలు రాలేదు. మెదడు బాగా ఎదగడానికి పాలల్లో ఏ పొడి కలపాలి?
– ఒక సోదరి, కరీంనగర్ జిల్లా

జవాబు: మీరు అడిగిన పొడి కంటే, మధ్యలో రాసిన మట్టి సంగతే ముఖ్యమమ్మా. మట్టి తినే పిల్లల్లో ముందుగా రక్తహీనతను అనుమానిస్తాం. బరువు వయసుకు తగ్గట్టే ఉంది, కానీ పాలతో బరువు వచ్చినంత మాత్రాన రక్తం పట్టదు. రక్తానికి కావాల్సిన ఐరన్ పాలల్లో చాలా తక్కువ. లీటరు పాలతో కడుపు నిండాక అన్నానికి చోటేదీ? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మీ ఒక్కరింటి సమస్య కాదు, మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

కానీ ఆలస్యం వద్దు. మెదడు ఎదుగుదలకూ ఐరన్ కావాలి, అది బాగా వేగంగా సాగే వయసు ఇదే. గోడ పెచ్చుల విషయంలో ఇంకా జాగ్రత్త: పాత రంగుల్లో సీసం (లెడ్) ఉండొచ్చు, అది నేరుగా మెదడును దెబ్బతీస్తుంది. ఐరన్ తక్కువున్న పిల్లల ఒంటికి సీసం ఇంకా ఎక్కువగా పడుతుంది. పెచ్చులూడే గోడ దగ్గరకు పాపను పోనివ్వకండి, చేతులు సబ్బుతో కడగండి.

ఈ వారమే పిల్లల డాక్టర్‌కు చూపించి సీబీపీ అనే రక్త పరీక్ష చేయించండి, గోడ పెచ్చుల సంగతీ చెప్పండి. ఐరన్ సిరప్ రాస్తే పాలతో కలిపి పట్టకండి. దొడ్డికి నల్లగా వస్తే టెన్షన్ పడొద్దు. పాప హుషారైందని మధ్యలో మానేయొద్దు.

పాలు రోజుకు 400 మిల్లీలీటర్ల దగ్గర ఆపండి, అదీ గ్లాసుతో, అన్నం తిన్నాకే. రెండు మూడు రోజులు మారాం చేస్తుంది, ఓర్చుకోండి. మెత్తగా పిసికిన తోటకూర పప్పన్నంలో నెయ్యి, రెండు చుక్కల నిమ్మరసం వేసి పెట్టండి. గుడ్డు, మీరు తినేవాళ్లయితే కోడి కార్జం మంచివి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం వాడండి, డబ్బా పొడి కొనొద్దు.

రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్ వద్దేవద్దు. ఫోన్ చూస్తూ తినే పాపకు కడుపు నిండిందీ తెలియదు, మీ మాటా వినబడదు. కాకిని చూపిస్తూ, కబుర్లు చెబుతూ పెట్టండి. తను ఏదో గొణిగితే జవాబివ్వండి, మాటలు అలాగే వస్తాయి. వినికిడి పరీక్ష కూడా చేయించండి. పిలిస్తే తిరగకపోయినా, కావాల్సింది వేలితో చూపించకపోయినా డాక్టర్‌కు ఆ సంగతి ముందే చెప్పండి. మాటలు వాటంతటవే వస్తాయని ఎవరు చెప్పినా ఆగకండి.